పొయ్యి పక్కన గిన్నె

వంటింటి తలుపుకి లోపలి నుంచి గడియ పడింది.

"అత్తయ్యా!" ఒర్నెల్లా తలుపు తట్టింది. "వాళ్ళు ఫెర్రారాలో బయల్దేరారట. తలుపు తియ్యండి."

లోపల బల్ల మీద అప్పడాల కర్ర దొర్లుతున్న చప్పుడు. అంతే.

"అత్తయ్యా, గుమ్మడికాయ గుజ్జు మెదపడానికైనా నన్ను రానివ్వండి."

కర్ర ఆగింది.

"గాస్పరే," అంది లోపలి గొంతు. "బయట ఎవరో అరుస్తున్నారు. గుజ్జు నిన్ననే మెదిపానని చెప్పు. ఆ గుజ్జు పిండిలో కూరి మడిచే తోర్తెల్లి కూడా సగం అయ్యాయని చెప్పు. చేతులు అరువు అడగలేదని చెప్పు."

గాస్పరే పిల్లి. గురువారం నుంచీ అర్జీయా ఈ ఇంట్లో మాట్లాడుతున్నది దానితోనే. ఫెర్రారాలో ఉండే ఫుల్వియోని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నానని ఒర్నెల్లా నోరు విప్పిన క్షణం నుంచి కోడలు ఆమె కంటికి గోడ అయిపోయింది. తిట్టినా బాగుండేది. తిట్టుకి ఎదురు తిట్టు ఉంటుంది. పిల్లితో ఏమని వాదిస్తాం?

"ఒక్క మాట, అత్తయ్యా. చారు..."

మిగతాది అడగకుండానే తలుపు మీది చెయ్యి దించేసింది.

వాళ్ళ ఊరు మాంతోవాలో పండగపూట విందుకి ముందు కోడిపుంజు చారు వేడివేడిగా గిన్నెలో పోసి, అందులో ఎర్ర వైను కలిపి, పొయ్యికి వీపు పెట్టి నిలబడి తాగుతారు. అర్జీయా ఇంట్లో ఆ గిన్నె సొంతవాళ్ళకే. బయటివాడు ఎంత గొప్పవాడైనా బల్ల దగ్గర కూర్చుని పళ్ళెంలో తాగాల్సిందే. పెళ్ళికి ముందు కొడుకు లెయార్కో ఒర్నెల్లాని మొదటిసారి ఈ ఇంటికి తీసుకొచ్చిన రోజు అర్జీయా కులాసా అడగలేదు, ఊరూ పేరూ అడగలేదు. పొయ్యి దగ్గరికి పిలిచి చేతిలో గిన్నె పెట్టింది. పెళ్ళి ఖాయమైందని ఆ ఆవిరి ముఖానికి తగిలినప్పుడే ఒర్నెల్లాకి అర్థమైంది.

లెయార్కో పోయి పన్నెండేళ్ళు. అత్తాకోడళ్ళు ఇద్దరే మిగిలారు.

ఇవాళ ఫుల్వియో చేతికి గిన్నె వస్తే పెళ్ళి. పళ్ళెం వస్తే లేదు. ఒర్నెల్లా తేల్చేసుకుంది. అర్జీయా మనసు విరిచి కట్టుకునే కాపురం ఆమెకి అక్కర్లేదు. ఆ సంగతి ఫుల్వియోకి ఫోన్లో చెప్పేసింది కూడా. అతడు "చారులో ఉప్పెక్కువైనా తాగేస్తాను," అన్నాడు.

"గాస్పరే," లోపలి నుంచి మళ్ళీ వినిపించింది. "మధ్యాహ్నం గంటలు కొట్టేదాకా ఆ ఫెర్రారా వాళ్ళని ఈ గడప తొక్కనివ్వద్దని చెప్పు. ఊరు చూపించమను. ఆవిడగారి ఉద్యోగం అదేగా!"

అప్పడాల కర్ర మళ్ళీ దొర్లింది.

* * *

పొగమంచులో ఫుల్వియో పాత కారు పలాజ్జో తె రాజసౌధం ఎదురుగా వచ్చి ఆగింది. ముందు తలుపు తెరుచుకోగానే మనిషి కంటే ముందు తువ్వాలు చుట్టిన కుండ బయటికి వచ్చింది. దాని వెనక వేలియా.

ఫుల్వియోకి అక్క. తల్లి పోయాక అతణ్ణి పెంచింది ఆవిడే. భార్య విడిచిపెట్టి పోయాక మళ్ళీ అన్నం పెట్టిందీ ఆవిడే. మనిషి పొట్టి, చూపు పొడుగు.

"ఒర్నెల్లా అంటే నువ్వేనా? ఫోటోలో లావుగా కనిపించావు. నయం," అంది వేలియా. కుండ మాత్రం చంక దించలేదు.

"రండి వేలియా గారూ. అందులో ఏముంది?"

"రగూ. మాంసం తెల్లవారకముందే పొయ్యెక్కించాను. ఇవాళ మీ ఇంట్లో తోర్తెల్లి అన్నారుగా? వాటి మీదకి."

ఒర్నెల్లా కాళ్ళ కింద నేల ఒక్క అంగుళం కదిలింది. గుమ్మడికాయ తోర్తెల్లి మీద మాంసం కూరా! మాంతోవాలో వెన్న, సేజ్ ఆకు, పైన కాస్త చీజు. అంతకుమించి ఏం వేసినా పెళ్ళికూతురి ముఖాన మసి పూసినట్టే. అదీ అర్జీయా చేత్తో మడిచిన తోర్తెల్లి మీద!

ఆమె ఫుల్వియో వైపు చూసింది. అతడు తన పెద్ద పెద్ద చెవులు ఎర్రబడుతుండగా చేతులు చాపాడు.

"దారి పొడుగునా చెప్పాను. వింటేగా!"

"ఏమిట్రా చెప్పింది? ఎవరింటికైనా చేతులూపుకుంటూ పోతామా?"

"పోనీ కారులో పెడదాం వేలియా గారూ. లోపల బొమ్మలు చూసి వద్దాం."

"చలికి గడ్డకట్టదూ?"

అలా రగూ కూడా రాజసౌధంలోకి వచ్చింది. సామాన్లు దాచే కిటికీ దగ్గర అమ్మాయి తువ్వాలు విప్పి, మూత కాస్త ఎత్తి, కళ్ళు మూసుకుంది. "అమ్మా, దీన్ని నా దగ్గర వదిలితే మీరొచ్చేసరికి ఉంటుందన్న హామీ లేదు," అంది.

వేలియా మొదటిసారి నవ్వింది. "ఈ ఊళ్ళో బుద్ధిమంతులు కూడా ఉన్నారన్నమాట," అంటూ ఇత్తడి బిళ్ళ తీసుకుని రవికలో దోపుకుంది.

* * *

రాక్షసుల గదిలోకి అడుగుపెట్టగానే ఎవరైనా ఒక్క క్షణం తల వంచుకుంటారు. గోడలకీ కప్పుకీ మధ్య గీత లేకుండా అంతా ఒకటే బొమ్మ. పైనుంచి దేవుళ్ళు పిడుగులు విసురుతుంటే కొండలూ స్తంభాలూ రాక్షసుల నెత్తిన విరిగి పడుతుంటాయి. అవి మన నెత్తిన కూడా పడేటట్టే ఉంటాయి.

వేలియా తల వంచుకోలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నలుదిక్కులా చూసింది.

"ఇల్లు కూలిపోతున్నట్టు బొమ్మలు వేయించుకుని అందులో విందులు చేసుకునేవాళ్ళా మీ రాజులు? తిన్నది ఎలా అరిగేదమ్మా?"

"అరగడానికే కదండీ మా దగ్గర చారులో వైను కలిపేది!"

"మా ఫెర్రారాలో గోడల మీద మనుషులు పద్ధతిగా గుర్రాలెక్కి తిరుగుతుంటారు. చూస్తే ఆకలేస్తుంది."

ఒర్నెల్లా నవ్వుకుంటూ అలవాటుగా కిటికీ పక్క మూలకి వెళ్ళి నిలబడింది. పర్యాటకుల గుంపు వచ్చిన ప్రతిసారీ ఆమె నిలబడే చోటు అదే. ఎదురు మూల గోడకి ముఖం పెట్టి ఎవరైనా గుసగుసలాడితే ఆ మాట కప్పు మీదుగా పాకి వచ్చి ఈ మూలలో నిలబడ్డవాళ్ళ చెవిలో పడుతుంది. మధ్యలో ఉన్నవాళ్ళకి వినపడదు. భార్యాభర్తల్ని చెరో మూలా నిలబెట్టి ఆమె ఎన్ని కలహాలు తీర్చిందో!

ఇవాళ ఆ విద్య చూపించే ఓపిక లేదు. వేలియా ఏదో చిన్నగా అంటూ తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది. అతడు నాలుగు పక్కలా చూసి అక్కని ఎదురు మూలకి నడిపించాడు.

"చెప్పావా, లేదా?"

వేలియా గొంతు. ఒర్నెల్లా చెవి పక్కనే ఉన్నంత స్పష్టంగా.

"భోజనం అయ్యాక చెప్తాలే అక్కా."

"పిల్లల బారసాల అయ్యాక చెప్పు! నాకు మాటిచ్చావు. పెళ్ళయితే ఆవిడ ఫెర్రారాకి రావాలి. లేదంటే నేను ఈ పెళ్ళికి రాను."

"ఒర్నెల్లా ఆ పెద్దావిణ్ణి వదిలి రాదక్కా."

"అయితే నన్ను వదిలి నువ్వొస్తావా?"

కప్పు మీదుగా ఒక్క చీదిన శబ్దం మాత్రం వచ్చింది. అది ఏడుపు. అంత పొట్టి మనిషిలోంచి అంత పెద్ద ఏడుపు, గుసగుస చాటున దాక్కుని.

ఒర్నెల్లా గోడ నుంచి చెవి తీసేసింది. నెత్తిన రాక్షసులు కూలిపోతూనే ఉన్నారు. ఆమెకి మొదట కోపం వచ్చింది. వెంటనే ఇంకోటి తట్టింది. కోపం రెండింతలైంది.

ఆరు నెలల క్రితం పర్యాటకుల గుంపులో ఒకడిగా వచ్చినప్పుడు ఫుల్వియో ఆ ఎదురు మూలలోనే నిలబడి, "పొద్దుట్నుంచి అరుస్తున్నారు, మంచినీళ్ళు కావాలా?" అని గోడకి చెప్పాడు. వాళ్ళ కథ మొదలైందే అక్కడ.

ఆ మూల సంగతి అతడికి తెలియకపోవడమేమిటి?

* * *

కుండ విడిపించుకోవడానికి వేలియా కిటికీ దగ్గర ఆగగానే ఒర్నెల్లా ఫుల్వియోని స్తంభం వెనక్కి లాగింది.

"ఆ మూలకే ఎందుకు తీసుకెళ్ళావు?"

అతడి చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. "విన్నావా?"

"వినాలనే కదా తీసుకెళ్ళింది!"

"నోటితో చెప్పలేక..." అన్నాడు ఫుల్వియో. "వారం నుంచి అద్దం ముందు చెప్పుకుంటున్నాను. నీ ముందుకొచ్చేసరికి సైకిలు గొలుసు జారినట్టు జారిపోతోంది."

సైకిళ్ళ దుకాణం నడిపినవాడి ఉపమానం అంతకంటే ఎలా ఉంటుంది! నవ్వకూడదనుకుంటూనే ఒర్నెల్లా నవ్వేసింది.

"పిరికిపంద!"

"ఒప్పుకుంటున్నాను."

"మాట ఎందుకిచ్చావు?"

"ఏడ్చింది. నువ్వైతే ఇవ్వవా?"

ఇచ్చేదే. అదే చిక్కు.

ముగ్గురూ ఊళ్ళోకి నడిచారు. చేపల బజారు తోరణాల కింద కాలవ నీళ్ళు మంచులో కనపడకుండా పారుతున్నాయి. ఎర్బె చౌకులో గడియారస్తంభం నడుం దాకా మంచులో మునిగింది. గుండ్రటి పాత గుడి అరుగు మీద కూర్చుని వేలియా ఒళ్ళో కుండ పెట్టుకుంది. పక్క దుకాణంలో ఒర్నెల్లా కొన్న చేదు బాదం బిస్కెట్ల పొట్లం ఫుల్వియో చేతిలో ఉంది. అక్క ఒక వైపు, కాబోయే భార్య ఒక వైపు. అతడు ఇటు చూసి ఒకటి, అటు చూసి ఒకటి తిన్నాడు. పొట్లం అడుగు కనపడింది.

"చూశావా? కంగారు పుడితే వీడి చెయ్యి తిండి మీదకి పోతుంది," అంది వేలియా. "పరీక్షల రోజున ఇంట్లో రొట్టె దాచేదాన్ని."

"నాకు తెలియదు," అంది ఒర్నెల్లా.

"నీకింకా చాలా తెలియదు." వేలియా గొంతు ఆ మాట దగ్గర కాస్త మెత్తబడింది. కానీ వెంటనే కుండ సర్దుకుంది.

పన్నెండు గంటలు మోగాయి. ఒక గుడి తర్వాత ఒకటి, ఊరంతా.

ఒర్నెల్లా లేచి నిలబడింది. ఇంటి దారి పట్టింది.

* * *

భోజనాల గదిలోకి వస్తూనే ఆమె కళ్ళు బల్ల మీద పడ్డాయి.

నాలుగు పళ్ళేలు. లోతు పళ్ళేలు. చారు పళ్ళేలు.

అయిపోయింది.

ఫుల్వియో కూడా చూశాడు. అతడికి తెలుసు. టోపీ చేతుల్లోకి తీసుకుని, బల్ల మీది రొట్టె ముక్క ఒకటి నోట్లో పెట్టుకున్నాడు.

అర్జీయా వంటింటి గుమ్మంలో నిలబడింది. జుట్టు మీద పిండి. కాళ్ళ దగ్గర పిల్లి.

"గాస్పరే, వాళ్ళని కూర్చోమను."

వేలియా కూర్చోలేదు. తువ్వాలు విప్పి కుండ ఠపీమని బల్ల మధ్యలో పెట్టింది.

అర్జీయా కుండని చూసింది. కుండ తెచ్చిన మనిషిని చూసింది. పిల్లిని మరిచిపోయింది.

"ఏమిటది?"

"రగూ. మీ తోర్తెల్లి మీదకి."

అర్జీయా చేతులు నడుం మీదకి వెళ్ళాయి.

"నా గుమ్మడికాయ తీపి. అందులో నేను కలిపిన పళ్ళ మురబ్బా ఆవఘాటు. దాని మీద నువ్వు మాంసం పోస్తావా?"

"అయిదువందల ఏళ్ళ నుంచి మేం పోసుకుంటున్నాం. ఏ ఒక్కరూ చావలేదు. అసలు మీ ఊరికి తోర్తెల్లి ఎక్కడివి? మా ఫెర్రారా రాకుమారి ఇసబెల్లా మీ రాజుల కోడలై వచ్చినప్పుడు కదా పెట్టెలో పెట్టుకుని తెచ్చింది!"

"పెట్టెలో ఖాళీ గిన్నె తెచ్చింది! గుమ్మడికాయ ఇక్కడే కాసింది!"

"అక్కా!" అన్నాడు ఫుల్వియో.

"అత్తయ్యా!" అంది ఒర్నెల్లా.

"నువ్వూరుకో!" అన్నారు ఇద్దరూ ఒకేసారి, చెరొకరిని.

"మా వాడికి ఇది లేకపోతే ముద్ద దిగదు," అంది వేలియా. గొంతు చెప్పకుండానే జారింది. "ఆదివారం వస్తే దీని వాసనకి మేడ మీది నుంచి దిగొస్తాడు. ఇంకెవరి కోసం వండను?"

అర్జీయా ముసలి కళ్ళు వేలియా ముఖం మీద ఆగిపోయాయి. ఎదుటివాడి బరువు ఎంతో చూపుతోనే తూచే మనిషి.

"కోడల్ని ఫెర్రారా తీసుకుపోదామని వచ్చావన్నమాట."

వేలియా తల దించుకుంది.

"నేనూ అదే అనుకున్నాను, గురువారం నుంచీ," అంది అర్జీయా. ఒర్నెల్లా వైపు చూడకుండానే. "పెళ్ళి చేసుకోమనడానికి నోరు వచ్చేదే. పోయి రా అనడానికి రాలేదు. అందుకే పిల్లితో మాట్లాడాను."

ఒర్నెల్లా కుర్చీ లాక్కుని కూర్చుంది.

అర్జీయా ఒక చేత్తో కుండ, ఇంకో చేత్తో వేలియా మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. తలుపు మూసుకుంది. గడియ పడింది.

బయట ఇద్దరూ, పిల్లీ.

లోపల ముందు వాదన. తర్వాత మూత తీసిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

"చంపుకున్నారంటావా?" అన్నాడు ఫుల్వియో.

"రొట్టె వదులు."

గడియ తీసిన శబ్దం. తలుపు బార్లా తెరుచుకుంది.

ఇద్దరు ఆడవాళ్ళు పొయ్యికి వీపు పెట్టి నిలబడి ఉన్నారు. వేలియా చేతుల్లో గిన్నె. అర్జీయా గిన్నె అది, పిడి విరిగినది. ఎర్రటి చారు మీద ఆవిరి. మరి అర్జీయా? ఆవిడ గరిటెతోనే తాగుతోంది.

"ఏమ్మాయ్!" అంది అర్జీయా. పిల్లితో కాదు. కోడలితో. "బల్ల దగ్గర ఏం చేస్తున్నావు? చారు చల్లారుతోంది."

"పళ్ళేలు పెట్టారు కదా అత్తయ్యా..."

"తోర్తెల్లి నా నెత్తిన పెట్టుకుని తింటారా? ఇంట్లో లోతు పళ్ళేలు తప్ప ఇంకేం మిగిల్చావు? అన్నీ నువ్వే పగలగొట్టావు."

పొయ్యి గట్టు మీద ఇంకా రెండు గిన్నెలు ఉన్నాయి. ఒకటి ఒర్నెల్లాది, అంచు లేచిపోయినది. రెండోది నీలం గీతలతో కొత్తగా మెరుస్తోంది. అడుగున ధర చీటీ ఇంకా సగం అంటుకునే ఉంది.

"లెయార్కోది కాదు. వాడి గిన్నె వాడిదే," అంది అర్జీయా, ఫుల్వియో చేతిలో కొత్త గిన్నె పెడుతూ. "ఇది సంతలో కొన్నాను."

సంత గురువారం. ఆ పొద్దున ఒర్నెల్లా పెళ్ళి మాట చెబితే, మధ్యాహ్నానికే కొనేసింది. ఇన్నాళ్ళూ గిన్నె బీరువాలో, మాట పిల్లి చెవిలో.

ఫుల్వియో పొయ్యికి వీపు పెట్టి నిలబడి ఒక్క గుక్కలో తాగేశాడు. వేడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేడికే అయి ఉంటుంది.

"ఉప్పు సరిపోయిందా?" అంది అర్జీయా.

"సరిపోయిందమ్మా."

* * *

తోర్తెల్లి వెన్నతోనే వచ్చాయి. రగూ వేరే పళ్ళెంలో, రొట్టెతో వచ్చింది. అర్జీయా దాన్ని ఎవరూ చూడటం లేదనుకుని మూడుసార్లు అద్దుకుంది. వేలియా తోర్తెల్లి రెండోసారి వడ్డించుకుంటూ, "మురబ్బా ఘాటు ఫరవాలేదు," అంది. ఆవిడ నోట అది పద్యంతో సమానం.

చివర్లో అర్జీయా బాదంపలుకుల స్బ్రిసొలోనా తెచ్చి ఒర్నెల్లా ముందు పెట్టింది. రాయిలాంటి కేకు. దాన్ని చాకుతో కోస్తే మాంతోవాలో ఎవరూ క్షమించరు. పిడికిలితో గుద్ది పగలగొట్టాలి.

"ఎవరు ఎక్కడుండాలన్నదాని మీద మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం," అంది అర్జీయా.

"కాపురం చేసేది మేమిద్దరం," అన్నాడు ఫుల్వియో సన్నగా.

"నోర్ముయ్యరా," అంది వేలియా. "అమ్మాయ్, గుద్దు. పెద్ద ముక్క నా వైపు పడితే కాపురం ఫెర్రారాలో. పెద్దావిడ చలికాలమంతా మా ఇంట్లో ఉంటుంది."

"నా వైపు పడితే ఇక్కడ," అంది అర్జీయా. "ఈవిడ తన కుండ తీసుకుని నా వంటింట్లోకి వస్తుంది. పొయ్యి చెరో పక్క."

ఇద్దరూ బల్ల మీదకి వంగారు. ఒర్నెల్లా ఇద్దరి ముఖాల్లోకీ చూసింది. పొద్దున ఒక్క తలుపు తెరుచుకుంటే చాలనుకుంది. ఇప్పుడు రెండిళ్ళ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, అదీ చిక్కే.

పిడికిలి బిగించి గుద్దింది.

పలుకులు ఎగిరాయి. పొడి గాస్పరే మీసాల మీద పడింది. అన్నిటికంటే పెద్ద ముక్క బల్ల మధ్యలో ఒక్క గింగిరం తిరిగి, ఎవరి వైపూ పోకుండా, ఫుల్వియో ముందు ఆగింది.

అందరూ ఇంకా దగ్గరికి వంగారు.

అతడి చెయ్యి కదిలింది. ఎవరూ ఏమీ అనేలోపే ముక్క నోట్లోకి వెళ్ళిపోయింది. కరకరమని శబ్దం.

"సాక్ష్యం తినేశాడు!" అని అరిచింది అర్జీయా.

"కంగారులో..." అన్నాడు నిండు నోటితో.

వేలియా నెత్తి కొట్టుకుంది. అర్జీయా అప్పటికే లేచి నడుముకి గుడ్డ బిగిస్తోంది. "రావే వేలియా. పిండి ఉంది, పలుకులున్నాయి. ఇంకోటి కాలుద్దాం. వీణ్ణి మాత్రం దూరంగా ఉంచాలి."

తలుపు మూసుకుంది. గడియ పడింది. ఈసారి లోపల రెండు గొంతులు.

"గాస్పరే!" అని వినిపించింది. పిల్లి బయటే ఉందన్నది ఆవిడకి గుర్తు లేదు. "సాయంత్రం గంటలు కొట్టేదాకా వాళ్ళని ఊరు చూసి రమ్మను!"

మంచు విడిచింది. వీధిలో ఎండ పసుపు గుడ్డలా పరుచుకుంది. ఫుల్వియో మూతి తుడుచుకుని, కాస్త దూరం నడిచాక అడిగాడు.

"నిజం చెప్పు. ముక్క ఎటు పడాలని అనుకున్నావు?"

ఒర్నెల్లా జవాబు చెప్పలేదు. అతడి చెయ్యి పట్టుకుని పలాజ్జో తె వైపు తిప్పింది.

"నోటితో చెప్పలేను," అంది. "నువ్వు కిటికీ మూలలో నిలబడు. నేను ఎదురు మూలకి వెళ్తాను."